మెట్ట పల్లెలకు కలలు చూపిన కుంచె

డోన్: వాన కోసం ఆకాశం కేసి చూసే ఈ మెట్ట పల్లెల్లో ఒక తరం పిల్లలు దేవతలనూ, రాక్షసులనూ రంగుల్లో చూసింది 'చందమామ' అట్టల మీదనే. చదువు రాని అవ్వలు సైతం ఆ బొమ్మ చూసి కథ చెప్పేవారు. అట్ట మీద మూలన 'వపా' అని చిన్న సంతకం ఉండేది.

ఆయనే వడ్డాది పాపయ్య. 1921లో శ్రీకాకుళంలో జన్మించారు. డ్రాయింగు మాస్టరైన తండ్రి గారే ఆయనకు తొలి గురువు. ఇంట్లోని రవివర్మ కోదండరాముని పటం చూసి పసితనంలోనే బొమ్మ గీశారు.

1947 జూలైలో మద్రాసులో చందమామను ప్రారంభించిన వారిలో ఒకరైన బి. నాగిరెడ్డి మన పొరుగున ఉన్న కడప జిల్లా పొట్టిపాడు వారే కావడం విశేషం. ఆ పత్రికకు వపా ఏళ్ళ తరబడి ముఖచిత్రాలు వేశారు.

'యువ' మాసపత్రికలో ఆయన మరో లోకం చూపారు. రాగం చెవికే తెలుస్తుంది, కంటికి కనబడదు. ఋతువుకు ముఖం ఉండదు. ఆ రెండింటికీ ఆయన స్త్రీ రూపమిచ్చారు. ఆమె నిలిచిన తీరు, చుట్టూ ఉన్న పూలు, వెనుక పరిచిన రంగులే చూసేవారికి భావం చెప్పేవి.

చివరి రోజుల్లో కశింకోటలో ఉన్న వపా 1992లో కన్నుమూశారు. చందమామ కూడా ఇప్పుడు వెలువడడం లేదు. మిగిలిన పాత సంచికలు చెదల పాలో, తూకాల పాలో అవుతున్నాయి. అటక మీద పాత పుస్తకాల కట్ట ఉన్నవారు అమ్మే ముందు ఒక్కసారి విప్పి, అట్టలు పిల్లలకు చూపడం మంచిది.