చలికాలంలో గడ్డకట్టే రసాయనాలు

ఢిల్లీలో కాపురముంటున్న తెలుగు గృహిణికి చలికాలం వచ్చిందని చెప్పడానికి పంచాంగం అక్కరలేదు. అలమరలోని కొబ్బరినూనె సీసాయే చెబుతుంది. ఉష్ణోగ్రత 24 డిగ్రీల దిగువకు వచ్చినదంటే నూనె పేరుకోవడం మొదలవుతుంది. పుష్యమాసం నాటికి పుల్లతో పొడిచినా చుక్క రాలదు. ఆమె సీసాను కాసేపు ఎండలో ఉంచుతుంది, లేదా గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెడుతుంది. మండుతున్న పొయ్యిమీద మాత్రం పెట్టదు. ఇంటిలో అందరికీ తెలిసిన ఈ సంగతి, టన్నులకొద్దీ రసాయన ద్రవాన్ని మోసుకువచ్చే ట్యాంకరు లారీ దగ్గరకు వచ్చేసరికి కొన్ని సందర్భాలలో మరుగున పడుతున్నది.

రాజధాని చుట్టూ ఉన్న పరిశ్రమలకు ఇటువంటి ద్రవాలు నిత్యావసరాలు. వజీర్‌పూర్‌లో ఉక్కు రేకుల మీది పొరను తొలగించడానికి ఆమ్లాలు కావాలి. పానిపట్‌లోని అద్దకం పనికి కాస్టిక్ సోడా కావాలి. గుజరాత్ తీరాన, అంత చలి లేని చోట నింపిన ట్యాంకరు, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి జనవరి పొగమంచులో హర్యానా చేరుకుంటుంది. నింపినప్పుడు నీళ్ళవలె ప్రవహించిన సరుకు, దించేటప్పుడు కూడా అలాగే ప్రవహిస్తుందన్న హామీ లేదు.

నూటికి 50 పాళ్ళ కాస్టిక్ సోడా ద్రావణం సుమారు 12 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వేధశాలలో 2021 జనవరి 1వ తేదీన నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు. 2019 డిసెంబర్ 30న పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలు. అంటే ఆనాడు మిట్టమధ్యాహ్నం కూడా, వేడి నిలుపుకొనే కవచం లేని కాస్టిక్ సోడా ట్యాంకు చుట్టూ ఉన్న గాలి, ఆ ద్రవం గడ్డకట్టే హద్దుకు దిగువనే ఉన్నదన్నమాట. చలి అనగానే మంచు కురిసే దేశాలే మనకు జ్ఞాపకం వస్తాయి. రసాయనానికి మాత్రం సున్నా డిగ్రీలతో పని లేదు. ఏ ద్రవానికి ఆ ద్రవానిదే చలికాలం. నీరు కలవని ఎసిటిక్ ఆమ్లానికి 16.6 డిగ్రీలకే చలికాలం మొదలవుతుంది. మంచుగడ్డలా బిగుసుకుంటుంది గనుకనే దానికి గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లమన్న పేరు వచ్చింది. ఫీనాల్‌కు 40 డిగ్రీలు కూడా చలే.

ఇంతకంటె చిత్రమైన విషయం మరొకటి ఉన్నది. ద్రవానికి నీరు కలిపితే గడ్డకట్టదు కదా అని ఎవరికైనా తోస్తుంది. అది సగం నిజం మాత్రమే. 98 శాతం గంధకామ్లం సుమారు 3 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. కొంచెం నీరు చేరి 93 శాతానికి దిగితే, సున్నాకు సుమారు 30 డిగ్రీల దిగువ వరకు ద్రవంగానే ఉంటుంది. అందుకనే శీతల దేశాలలో చలికాలపు సరఫరాకు 93 శాతం ఆమ్లాన్ని ఎంచుకుంటారు. మరికాస్త నీరు చేరి 85 శాతానికి వస్తే మాత్రం కథ తిరగబడుతుంది: అది 8 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. కాస్టిక్ సోడాది కూడా ఇదే తీరు. 50 శాతం ద్రావణాన్ని 40 శాతానికి పలుచన చేసినవాడు మేలు చేశాననుకుంటాడు. కాని ఆ 40 శాతం ద్రావణం సుమారు 15 డిగ్రీలకే పేరుకుంటుంది. 20 శాతానికి దించినప్పుడు గాని సున్నాకు బాగా దిగువవరకు ధైర్యంగా ఉండలేము. పైగా కాస్టిక్‌లో నీరు చేరినప్పుడు తీవ్రమైన వేడి పుడుతుంది. గంధకామ్లంలో నీరు చేరితే వేడి పుట్టడమే కాక, పలుచబడిన ఆమ్లం మామూలు ఉక్కు ట్యాంకును తినివేస్తూ, మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. ఏది ఎంత కలపాలన్నది ఫ్యాక్టరీలోని రసాయన శాస్త్రజ్ఞుడు నిర్ణయించవలసిన విషయమే గాని, గేటు దగ్గర హోసుగొట్టం పట్టుకున్నవాడు తేల్చవలసినది కాదు.

గంధకామ్లంలో గంధక ట్రైఆక్సైడును కరిగించి తయారుచేసే ఓలియం ఈ కుటుంబంలో అతి పెంకి బిడ్డ. 45 శాతం ఓలియం సుమారు 35 డిగ్రీల వద్ద, అంటే మన వేసవి నీడలో సయితం, గడ్డకడుతుంది. 65 శాతం ఓలియం మాత్రం సున్నాకు కొద్ది డిగ్రీల పైవరకు ద్రవంగా ఉంటుంది. దానిని చల్లబడనీయకూడదు, అలాగని అతిగా వేడిచేయనూ కూడదు. వేడెక్కితే గంధక ట్రైఆక్సైడు ఆవిరై పైకి వచ్చి, గాలిలోని తేమతో కలిసి గంధకామ్లపు మంచుగా మారుతుంది.

ఆ మంచు ఎటువంటిదో రాజధాని ప్రజలు 1985 డిసెంబర్ 4న చవిచూశారు. పశ్చిమ ఢిల్లీలో ఢిల్లీ క్లాత్ మిల్స్ వారి శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారంలో, ఓలియం ట్యాంకును నిలిపి ఉంచిన కట్టడం కూలిపోయి, ట్యాంకు బద్దలయింది. కారణం చలి కాదు, ఆధారం కూలిపోవడం. కాని చలికాలపు ఉదయాలలో నేలనంటి ఉన్న చల్లని గాలిమీద వెచ్చని గాలి మూతవలె నిలిచి ఉండడం ఢిల్లీవాసులకు కొత్త కాదు. అటువంటి రోజులలో వెలువడిన వాయువు తొందరగా పైకి పోదు, ఇళ్ళ మధ్యనే తచ్చాడుతుంది. ఆనాటి దుర్ఘటనలో తీస్ హజారీ న్యాయస్థానంలో పనిచేసే న్యాయవాది ఒకరు మరణించారు. రెండు రోజుల తరువాత, డిసెంబర్ 6న, ఒక గొట్టపు అతుకుల నుండి మళ్ళీ కొంత ఓలియం బయటికి వచ్చింది. భోపాల్ దుర్ఘటన జరిగి అప్పటికి సరిగా ఒక సంవత్సరమే గడిచింది.

ఆ కర్మాగారాన్ని జనావాసాల మధ్యనుంచి తరలించాలని కోరుతూ న్యాయవాది శ్రీ ఎం.సి. మెహతా దాఖలు చేసిన పిటిషను అప్పటికే సుప్రీం కోర్టులో ఉన్నది. అక్కడి కాస్టిక్ క్లోరిన్ విభాగం 1949లో నెలకొన్నది. ఆ వ్యాజ్యం నాటికి దాని చుట్టూ 3 కిలోమీటర్ల పరిధిలో సుమారు 2 లక్షల మంది నివసిస్తున్నారు. కర్మాగారాన్ని మూసివేస్తే దాదాపు 4,000 మంది కార్మికుల జీవనోపాధి పోతుంది. 1986 ఫిబ్రవరి 17న కోర్టు కఠిన నిబంధనలతో దానిని తిరిగి నడపడానికి అనుమతించింది. ప్రతి రక్షణ సాధనానికీ ఒక ఆపరేటరు వ్యక్తిగతంగా బాధ్యుడై ఉండాలన్నది వాటిలో ఒకటి. అదే సంవత్సరం డిసెంబర్ 20న, ప్రధాన న్యాయమూర్తి శ్రీ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని అయిదుగురు సభ్యుల ధర్మాసనం, ప్రమాదకరమైన పరిశ్రమను నడిపేవారు దానివల్ల కలిగే హానికి ఏ మినహాయింపూ లేకుండా పూర్తి బాధ్యులని తీర్పు చెప్పింది.

ఆ తీర్పు పర్యవసానం నిబంధనల గ్రంథాలలో కనిపిస్తుంది. ట్యాంకు దగ్గర నిలబడిన పనివాని చేతిలో ఏముండాలన్నది మరో ప్రశ్న. గడ్డకట్టిన సరుకు దానంతటదిగా ఎవరినీ గాయపరచదు. కదలకుండా పడి ఉంటుంది. అపాయం దానిని కరిగించాలన్న తొందరతో ప్రవేశిస్తుంది.

నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది గనుక గొట్టం గడ్డకట్టే వేళ పగులుతుంది. చాలా రసాయనాల స్వభావం ఇందుకు విరుద్ధం. అవి గడ్డకట్టినప్పుడు ముడుచుకుంటాయి, కరిగేటప్పుడు ఉబ్బుతాయి. పేరుకున్న గొట్టాన్ని సరిగా మధ్యలో వేడిచేసినామనుకోండి. అక్కడ కరిగిన ద్రవానికి రెండువైపులా గట్టి బిరడాలు ఉంటాయి. ఉబ్బిన ద్రవానికి పోయే దారి ఉండదు. గొట్టమో, అతుకో, వాల్వో తెగి, ఎదురుగా ఉన్నవాని ముఖంమీదికి మరిగే క్షారం చిమ్ముతుంది. అందుచేత కరిగించడం ఎప్పుడూ తెరచి ఉన్న కొసనుంచి మొదలుపెట్టి లోపలికి సాగాలి. మంట పనికిరాదు. ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి 39 డిగ్రీల ప్రాంతంలోనే అంటుకోగలదు. కాస్టిక్‌ను నిలువ ఉంచిన మామూలు ఉక్కు ట్యాంకును సుమారు 50 డిగ్రీలకు మించి వేడిచేస్తే, అతుకుల వద్ద ఉక్కులోనే కంటికి కనిపించని పగుళ్ళు బయలుదేరే ప్రమాదమున్నది.

ఓలియంను వేడిచేయడంలో హద్దు దాటితే ఏమవుతుందో అమెరికాలో రుజువయింది. 1993 జూలై 26న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, రైలు ట్యాంకు నుండి ఓలియంను దించడానికి ఆవిరితో వేడిచేస్తుండగా లోపలి ఒత్తిడి పెరిగి రక్షణ సాధనం తెగిపోయింది. ఊరిమీద ఆమ్లపు మేఘం పరచుకున్నది. 20 వేల మందికి పైగా వైద్యుల వద్దకు పరుగెత్తవలసి వచ్చింది. సరుకును దించుకోవడానికి వేడి అవసరమే. దానికి కొలత తప్పింది.

రంగుల, జిగురుల తయారీలో వాడే ఆక్రిలిక్ ఆమ్లం విషయం మరింత సున్నితం. 13 డిగ్రీల వద్ద అది గడ్డకడుతుంది. దాని అణువులు గొలుసుకట్టుగా అతుక్కొని ఒక్కసారిగా వేడెక్కకుండా అందులో నిరోధక పదార్థాన్ని కలుపుతారు. గడ్డకట్టే వేళ ఆ నిరోధకం స్ఫటికాలలోకి పోక, మిగిలిన ద్రవంలోనే ఉండిపోతుంది. గట్టిపడిన భాగాన్ని మాత్రం హఠాత్తుగా ఆవిరితో కరిగిస్తే, కాపలా లేని ఆమ్లం చేతికి వస్తుంది. సగం కరిగిన ట్యాంకు నుండి కొంత దించుకుపోవడం కూడా అంతే ప్రమాదకరం. గోరువెచ్చని నీటితో, నెమ్మదిగా, కలియబెడుతూ, మొత్తాన్ని కరిగించవలసినదే. నిరోధకం లోపించడం ఎంత ఘోరమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 మే 7న విశాఖపట్నం వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి 12 మందిని బలిగొన్నది. అక్కడ చల్లగా ఉంచవలసిన సరుకు వేడెక్కింది. ఇక్కడ వెచ్చగా ఉంచవలసిన సరుకు చల్లబడుతుంది. రెండుచోట్లా చూడవలసినది ఉష్ణమాపకమే.

అసలు ఉపాయం గడ్డకట్టనీయకుండా చూడడమే. ట్యాంకుకు వేడి నిలుపుకొనే కవచం తొడిగి, గొట్టాల వెంట వెచ్చని నీటి గొట్టాన్నో విద్యుత్తు తీగనో చుడతారు. ట్యాంకు నడుముకంటె ముందుగా చల్లబడేవి సన్నని గొట్టాలు, అడుగు వాల్వులు, ప్రవాహం లేని మూలలు. నిలువ ట్యాంకు ఎంత వెచ్చగా ఉన్నా, అయిదు అంగుళాల పొడవున వదిలివేసిన ఒక వాల్వు సరఫరా అంతటినీ ఆపివేయగలదు. పని ముగిసిన వెంటనే గొట్టాన్ని ఖాళీ చేయడం దీనికి చవుకైన చికిత్స. ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే.

1996లో సుప్రీం కోర్టు ఆదేశాలతో ప్రమాదకర పరిశ్రమలు ఢిల్లీ నుండి తరలవలసి వచ్చింది. కర్మాగారాలు దూరమైనా, ద్రవాలు రహదారిమీదనే ఉన్నాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇటువంటి ట్యాంకరును నడిపేవాడు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవనూ వ్రాయనూ నేర్చి ఉండాలి. తగిన శిక్షణ పొంది ఉండాలి. ట్యాంకరు మీది పలకపై నాలుగంకెల సంఖ్య ఉంటుంది: కాస్టిక్ ద్రావణానికి 1824, గంధకామ్లానికి 1830, ఓలియంకు 1831, ఎసిటిక్ ఆమ్లానికి 2789. తెల్లవారుజామున సరుకు దించుకునే గేటు వద్ద మొదట చదవవలసినది ఆ సంఖ్య. తరువాత లోపలి ఉష్ణోగ్రత. అది గడ్డకట్టే హద్దుకు దగ్గరగా ఉంటే, గొట్టం తగిలించకుండా లారీని పక్కన నిలిపి, గోరువెచ్చని నీళ్ళు సిద్ధం చేసుకొని, ఆ పూట పని ఆలస్యమవుతుందని లోపలికి కబురు పంపాలి.