సరిహద్దు భద్రత, ఆశ్రయం: దిల్‌సుఖ్‌నగర్ చెప్పే సత్యం

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో జరిగిన రెండు పేలుళ్లు 18 మందిని బలిగొని, వందమందికి పైగా క్షతగాత్రులను మిగల్చగా, ఆ కేసును దర్యాప్తు చేసినది ఉగ్రవాద నేరాల కోసమే 2008లో ఏర్పడిన జాతీయ దర్యాప్తు సంస్థ. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి విధించిన మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. ఆ ఐదుగురిలో పాకిస్తాన్ పౌరుడు ఒక్కడే. మిగిలిన నలుగురూ ఈ దేశస్థులే కావడం గమనించదగిన విషయం.

వారిలో ముఖ్యుడైన యాసిన్ భత్కల్ 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు వద్ద పట్టుబడ్డాడు. 1950 నాటి స్నేహ ఒప్పందం వల్ల ఉభయ దేశాల పౌరులు వీసా, అనగా ప్రవేశానుమతి, లేకుండానే దాటగల ఆ సరిహద్దును మూసివేస్తే కూలికి వచ్చే లక్షలాది కుటుంబాల జీవనం దెబ్బతింటుంది. కనుక అక్కడ అతణ్ని పట్టించిన నిఘా సమాచారమే గోడకన్నా విలువైనది.

ఇక ఆశ్రయం విషయానికి వస్తే, ఎల్బీనగర్‌కు చేరువలోని బాలాపూర్‌లో మయన్మార్ హింస నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. 1951 శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డుకు ఇక్కడ చట్టబద్ధమైన హోదా లేదు. ప్రతి వ్యక్తినీ విడిగా విచారించి, అర్హులకు హోదా కల్పించి, అనుమానితులను వేరుచేసే శరణార్థి చట్టాన్ని పార్లమెంటు ఇకనైనా చేయాలి.