ఆరేళ్ళకు వచ్చే ఆరో పన్ను

వానాకాలంలో మా పిట్లంలో కాల్చిన మక్కకంకి తినని ఇల్లుండదు. ముందుపళ్ళతో గింజలు కొరికి, దవడపళ్ళతో నములుతాము. ఒకే నోటిలో దేవుడు ఇన్ని రకాల పళ్ళు ఎందుకు పెట్టాడో మాత్రం ఆలోచించము.

పెద్దవారికి 32 పళ్ళు. ముందున్న 8 కుంతకాలు. ఇవి ఉలి అంచువలె పలుచగా ఉండి కొరుకుతాయి. వాటి ప్రక్కన 4 రదనికలు, అనగా కోరపళ్ళు. ఇవి మొనదేలి ఉండి మాంసాన్ని చీలుస్తాయి, చెరుకు చెక్కును లాగుతాయి. తరువాతి 8 అగ్రచర్వణకాలు పల్లీల వంటివాటిని నలగగొడతాయి. చివరనున్న 12 చర్వణకాలు విసుర్రాయివలె జొన్నరొట్టెను మెత్తగా నూరుతాయి. వీటిలో ఆఖరి 4 జ్ఞానదంతాలు. అవి సాధారణంగా 17 ఏళ్ళు దాటాక వస్తాయి, కొందరికి అసలు రావు. ఏ పన్ను పని దానిదే. అవయవములను గూర్చి పౌలు కొరింథు సంఘానికి బోధించినది మన నోటిలోనే కనబడుతుంది (1 కొరింథీ. 12).

పిల్లలకు పాలపళ్ళు 20. ఇక్కడే మేము పొరబడ్డాము. మా పాపకు ఏడేళ్ళప్పుడు క్రింది దవడ చివరి పంటిమీద నల్లమచ్చ కనబడింది. "పాలపన్నే గదా, ఊడిపోతుందిలే" అనుకున్నాము. రెండేళ్ళకు నొప్పితో రాత్రంతా ఏడ్చింది. డాక్టరుగారు చూచి, "ఇది శాశ్వత దంతమమ్మా, తీసేస్తే మళ్ళీ రాదు" అన్నారు. చివరకు తీయించక తప్పలేదు.

మొదటి చర్వణకం సుమారు ఆరేళ్ళకు, ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటి వెనుక మొలుస్తుంది. అందుకే తల్లిదండ్రులు గుర్తించరు. ముందు మధ్యనుండి ఒక ప్రక్కకు లెక్కించండి. ఆరోది అదే. ప్రతి ప్రక్క, పైనా క్రిందా, ఇలా నాలుగుంటాయి. అలాగని పాలపళ్ళను నిర్లక్ష్యం చేయరాదు. వెనుక వచ్చే పళ్ళకు అవే చోటు కాపాడతాయి.

పళ్ళకు అంటుకున్న తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిమీది పింగాణిని కరిగిస్తుంది. పోయిన పింగాణి తిరిగి పెరగదు. ఇటుకపొడి, బొగ్గుపొడి దానిని అరగదీస్తాయి. ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో, బఠాణీ గింజంత ఫ్లోరైడు పేస్టుతో తోమించండి. మచ్చ కనబడగానే, నొప్పి రాకముందే, దంతవైద్యునికి చూపించండి.

నమ్మదగని మనుష్యుని జ్ఞాని విరిగిన పంటితో పోల్చాడు (సామెతలు 25:19). అవసరానికి అక్కరకు రాని పన్ను ఎంత బాధో ఆయనకు తెలుసు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక, టార్చిలైటు వేసి మీ పిల్లల ఆరో పన్నును ఒకసారి చూడండి.