మీ పిల్లల చేతిలో దయ్యాల బొమ్మల పుస్తకం ఉందా?



మీ అమ్మాయో అబ్బాయో ఓ బొమ్మల పుస్తకాన్ని చివరి పేజీ నుంచి చదువుతుంటే ఆశ్చర్యపోకండి. అది మాంగా, అంటే జపాన్ కామిక్. కుడి నుంచి ఎడమకు చదవాలి. అందులో దయ్యాలు కనిపించగానే లాక్కోకండి. ముఖ్యంగా అది ‘నత్సుమే యూజిన్‌చో’ అయితే, మీరూ ఓసారి చూడండి.

కథేమిటి?

యుకి మిదొరికావా 2003లో మొదలుపెట్టిన కథ ఇది. 2008లో యానిమేగా కూడా వచ్చింది. నత్సుమే తల్లిదండ్రులు లేని కుర్రాడు. జపాన్ జానపద కథల్లోని ‘యోకాయ్’లు అతనికి కనిపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించవు. ఆ మాట చెబితే అబద్ధాలకోరు అన్నారు. ఒక చుట్టం ఇంటి నుంచి మరో చుట్టం ఇంటికి మారుతూ పెరిగాడు.

రెండు తరాల కిందట అతని కుటుంబంలోని రేకో అనే అమ్మాయి, యోకాయ్‌లను పందెంలో ఓడించి వాటి పేర్లు ఓ పుస్తకంలో రాయించుకుంది. ఆమెదీ ఒంటరితనమే. ఆ పేర్లను నత్సుమే ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చేస్తుంటాడు.

ఇవి మనకూ తెలిసినవే

ఒక కథలో దారి పక్క గుడి దేవుడు, కొలిచేవాళ్లు తగ్గేకొద్దీ చిన్నవాడైపోతాడు. చివరికి ఒక్క ముసలావిడే మిగులుతుంది. పొలిమేరలో పోతురాజు రాయిని చూసిన పెనుగొండ పిల్లలకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. జపాన్‌లో పిల్లలను నీళ్ల దగ్గరకు పోనివ్వకుండా ‘కప్పా’ పేరు చెప్పి భయపెట్టేవారు. మన కాలువ గట్ల మీద పెద్దలు చెప్పిన దయ్యాలూ అందుకే కదా!

మనం గమనించాల్సింది

చివరికి ఫుజివారా దంపతులు నత్సుమేను ప్రేమగా ఇంట్లో పెట్టుకుంటారు. అయినా వాళ్లకు అసలు సంగతి చెప్పడు. వాళ్లు కంగారుపడతారని భయం. అంటే, పిల్లలు దాచేది మనం కోప్పడతామని మాత్రమే కాదు. మనల్ని బాధపెట్టకూడదని కూడా. కొత్త స్కూల్లో చేరినవాళ్లు, అమ్మానాన్నలు గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మగారింట్లో పెరిగేవాళ్లు ఇలా ఎక్కువగా దాచుకోవచ్చు.

ఈ నెల ఇలా చేయండి

• ‘ఇందులో నీకు నచ్చింది ఎవరు? ఎందుకు?’ అని అడగండి.
• నమ్మశక్యం కాని మాట చెప్పినా ముందు పూర్తిగా వినండి.
• మీ చిన్నప్పటి దయ్యం కథ ఒకటి చెప్పండి.

మీ బిడ్డ లంచ్ బెల్ అప్పుడు ఒంటరిగా కూర్చుంటున్నట్టు తెలిస్తే, పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగకండి. వెంటనే క్లాస్ టీచర్‌కు చెప్పండి.