ఫ్లూ జ్వరంలో మూత్రం రంగు మారితే... అశ్రద్ధ చేయకండి
(పిల్లలు, యువతీ యువకుల కిడ్నీల గురించి)



జ్వరంతో పిల్లవాణ్ణి తీసుకువచ్చిన తల్లిని మేము అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: "ఉదయం నుంచి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళాడమ్మా? ఏ రంగులో వస్తోంది?" దగ్గు, జ్వరం గురించి చెబుదామని వచ్చిన తల్లి ఈ ప్రశ్నకు ఆశ్చర్యపోతుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడైతే సిగ్గుపడి ఊరుకుంటాడు. ఫ్లూ జ్వరానికీ మూత్రానికీ సంబంధం ఏమిటన్న సందేహం సహజమే. ఆ సంబంధాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

కుర్రవాళ్ళకు ఫ్లూ ఏం చేస్తుంది?

ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చే జ్వరం. ఉన్నట్టుండి చలి, జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, విపరీతమైన ఒళ్ళునొప్పులు వస్తాయి. మన దేశంలో జనవరి నుంచి మార్చి వరకు, మళ్ళీ వర్షాకాలంలోనూ ఆ తరువాతా ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి వారం రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే "వయసులో ఉన్నవాడు, తట్టుకుంటాడులే" అంటాము.

కాని 2009 సంవత్సరం మనకు వేరే పాఠం నేర్పింది. ఆ ఏడాది మే నెలలో మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడింది. జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. ఆ మరణాలలో సుమారు 80 శాతం 65 ఏళ్ళ లోపు వారివేనని తరువాత అంచనా వేశారు. ఐ.సి.యు.లో చేరిన రోగులలో చాలామందికి ఊపిరితిత్తులతో పాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్నట్లు అనేక దేశాల వైద్యులు గమనించారు. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసిందని ప్రకటించినా, ఆ వైరస్ మామూలు ఫ్లూ వైరస్‌లలో ఒకటిగా నేటికీ తిరుగుతూనే ఉంది.

కిడ్నీలు ఎలా దెబ్బతింటాయి?

సాధారణంగా మూడు దారులున్నాయి.

మొదటిది, ఒంట్లో నీరు తగ్గిపోవడం. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని అవి వడపోసి, అవసరమైనదంతా తిరిగి రక్తంలోకి చేర్చి, లీటరున్నర మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. జ్వరం, వాంతులు, పైగా మన విశాఖ ఉక్కపోతలో చెమట, నోటికి ఏమీ సహించకపోవడం – వీటన్నిటి వల్ల కిడ్నీలకు వెళ్ళే రక్తం తగ్గుతుంది.

రెండవది, నొప్పి మాత్రలు. రక్తం తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాలను తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను వాడుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్ వంటి మందులు ఆ పదార్థాలను తయారు కానివ్వవు. నీరు తగ్గిన ఒంట్లో ఈ మందు పడితే కిడ్నీకి ఉన్న ఆఖరి రక్షణ కూడా పోతుంది.

మూడవది, కండరాలు దెబ్బతినడం. ఫ్లూలో కొందరికి కండరాల కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలోకి వస్తుంది. అది కిడ్నీలోని సన్నని గొట్టాలలో అడ్డుపడి వాటిని పాడుచేస్తుంది. అప్పుడు మూత్రం ముదురు టీ డికాషన్ రంగులో వస్తుంది. బడి వయసు పిల్లల్లో జ్వరం తగ్గుముఖం పట్టే వేళ పిక్కలు పట్టేసి, మునివేళ్ళ మీద నడవడం చూస్తుంటాము. చాలావరకు ఇది వారం లోపల దానంతట అదే తగ్గిపోతుంది. మూత్రం రంగు మారితే మాత్రం వెంటనే పరీక్ష చేయించాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. గాజువాకలో అద్దెగదిలో ఉంటూ కాంట్రాక్టు పనికి వెళ్ళే 22 ఏళ్ళ కుర్రవాడికి ఫ్లూ వచ్చింది. డ్యూటీ పోతే కూలి పోతుందని మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని, పూటకొకటి వేసుకుంటూ వేడిలోనే పనిచేశాడు. మూడో రోజుకు తొడలు, భుజాలు ముట్టుకోనివ్వడం లేదు. మూత్రం నల్లగా, కొద్దిగా వచ్చింది. నాలుగో రోజుకు ముఖం ఉబ్బింది. ఫ్లూ, చెమట, మాత్ర, శ్రమ – నాలుగూ కలిసి ఆ కిడ్నీల మీద పడ్డాయి. రెండో రోజునే పనిమాని, నీళ్ళు తాగి, విశ్రాంతి తీసుకుంటే చాలావరకు తప్పిపోయేది. పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం తెల్లవారుజామున బీచ్‌లో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలకూ ఇదే మా మనవి: జ్వరం ఉన్నన్నాళ్ళు, తగ్గాక మరికొన్ని రోజులు పరుగు ఆపండి.

ఇంట్లో ఏం చేయాలి?

* కాచి చల్లార్చిన నీరు, పలుచని మజ్జిగ, గంజి, ఓ.ఆర్.ఎస్. కొంచెం కొంచెంగా తరచు ఇవ్వండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం (సాధారణంగా 1 లీటరు) నీటిలో కలపాలి.
* జ్వరానికి పారాసెటమాల్ చాలు. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల వరకు, కనీసం 6 గంటల ఎడంతో, రోజుకు 4 సార్లు మించకుండా ఇవ్వాలి.
* మందు అట్టమీద పేర్లన్నీ చదవండి. పారాసెటమాల్‌తో పాటు నొప్పి మందు కలిపిన మాత్రలు చాలా ఉన్నాయి.
* 12 ఏళ్ళ లోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని ప్రభుత్వం 2011లో నిషేధించింది. ఫ్లూ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడు, కాలేయం దెబ్బతినే ప్రమాదముంది.
* "త్వరగా తగ్గే సూది వేయండి" అని అడగకండి.
* లెంటు దినాలు ఫ్లూ కాలంలోనే వస్తాయి. జ్వరంలో ఉన్నవారు నీళ్ళు కూడా మాని ఉపవాసం ఉండవద్దు. పాస్టరుగారితో చెప్పండి, వారు అర్థం చేసుకుంటారు.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

మూత్రం టీ డికాషన్ రంగులోనో ఎర్రగానో వచ్చినా, 6 నుంచి 8 గంటలపాటు అసలు రాకపోయినా, ముఖం, పాదాలు ఉబ్బినా, కండరాల నొప్పితో నడవలేకపోయినా, ఆయాసం, మగత, ఆగని వాంతులు ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. మూత్రం తగ్గినవారికి కొబ్బరినీళ్ళు, పండ్లరసాలు ఇవ్వవద్దు. వాటిలోని పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండెకు ప్రమాదం తెస్తుంది.

ఆసుపత్రిలో మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, కండరాల దెబ్బను తెలిపే సి.పి.కె. పరీక్షలు చేస్తారు. తొలిదశలో సెలైను, జాగ్రత్తగా చూసుకోవడంతోనే చాలామంది కోలుకుంటారు. కొందరికి కొన్నిసార్లు డయాలసిస్ అవసరమవుతుంది. "డయాలసిస్ మొదలుపెడితే జీవితాంతం తప్పదు" అని భయపడి ఇంటికి తీసుకుపోకండి. ఇలాంటి హఠాత్తు జబ్బులో, కిడ్నీలు కోలుకునే వరకు మాత్రమే అది అవసరమయ్యేవారు ఎక్కువ.

ముందే కిడ్నీ జబ్బు ఉన్నవారు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనలో ఉన్నాయి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కనిపించే కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదిరేది. ఫ్లూలో వచ్చేది రోజుల్లోనే జరిగే దెబ్బ. రెండూ వేరు. అయితే ఇప్పటికే క్రియాటినిన్ ఎక్కువున్నవారికి ఫ్లూ తోడైతే ఉన్న శక్తి కూడా తగ్గుతుంది. కాబట్టి వారు మొదటి రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఫ్లూ వైరస్ మందు మొదటి 48 గంటల్లో వాడితే ఎక్కువ ఫలితముంటుంది. కిడ్నీ జబ్బువారికి దాని మోతాదు తగ్గించాలి. నెఫ్రోటిక్ జబ్బున్న పిల్లలకు జలుబు, జ్వరాలతో వాపు తిరగబెట్టవచ్చు. వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా ఆపవద్దు. ఇలాంటివారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది.

దేవుడిచ్చిన ఈ శరీరం తన కష్టాన్ని ముందుగానే మనకు తెలియజేస్తుంది. ఈసారి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, థర్మామీటరు చూసినట్టే మూత్రం కూడా గమనించండి. కొడుకైనా కూతురైనా సిగ్గుపడకుండా చెప్పేలా వారిని అడగండి. మీ ఇంటి పిల్లలందరూ ఆరోగ్యంగా ఉండాలని ప్రార్థిస్తున్నాము.