తక్షణ పర్యవేక్షణ డ్యాష్‌బోర్డులో చార్టు విడ్జెట్ల అమరిక: గోదావరి వరదమట్టం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జరుగుతున్న సంఘటనలను ఎప్పటికప్పుడు తెరమీద చూపే డ్యాష్‌బోర్డులు నేడు విద్యుత్ కేంద్రాల నుంచి విశ్వవిద్యాలయాల సర్వర్ గదుల వరకు వాడుకలో ఉన్నాయి. ఆ తెరమీది ఒక్కొక్క చార్టును విడ్జెట్ అంటారు. విడ్జెట్‌కు ఏ కాలపరిధి ఇవ్వాలి, విలువలను ఏ విధంగా క్రోడీకరించాలి, సమాచారం రానప్పుడు ఏమి చూపాలి అనే నిర్ణయాలను సాధారణంగా అలంకరణ సంబంధమైన చిన్న వివరాలుగా భావిస్తుంటారు. నిజానికి ఏది సంఘటనగా కంటబడాలో, ఏది మరుగున పడాలో తేల్చేవి ఈ నిర్ణయాలే. భద్రాచలం వద్ద గోదావరి వరదమట్టాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: డ్యాష్‌బోర్డు, చార్టు విడ్జెట్, కాలఖండం, క్రోడీకరణ, హెచ్చరిక గీత, వరదమట్టం.

1. ప్రవేశిక

‘డ్యాష్‌బోర్డు’ అనే మాట మొదట గుర్రపుబండికి సంబంధించినది. గుర్రపు డెక్కల నుంచి ఎగిరే బురద బండివాని మీద పడకుండా ముందుభాగాన అడ్డుపెట్టిన పలకకు అది పేరు. తరువాత మోటారు వాహనంలో వేగాన్నీ ఇంధనాన్నీ తెలిపే పలకకు, ఆపై కంప్యూటరు తెరకు ఆ పేరు సంక్రమించింది. ఆ తెరమీద కనిపించే చార్టుల చరిత్ర కూడా పాతదే. విలియం ప్లేఫేర్ 1786లో ప్రచురించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో గీతల చార్టులు, స్తంభాల చార్టు కనిపిస్తాయి.

అయితే ప్లేఫేర్ చార్టులు గడిచిపోయిన సంవత్సరాల ఎగుమతి దిగుమతులను చూపాయి. తక్షణ పర్యవేక్షణలో చార్టు ఇంకా ముగియని సంఘటనను చూపవలసి ఉంటుంది. కొన్ని విలువలు ఇంకా రాలేదు. కొన్ని ఆలస్యంగా వస్తాయి. కొన్ని అసలే రావు. గ్రాఫానా, కిబానా వంటి సాధనాలలో విడ్జెట్‌ను కొద్ది నిమిషాల్లోనే తయారుచేయవచ్చు. కాని సాధనం తనంతట తాను ఎంచుకున్న అమరికలు చేతిలో ఉన్న సమస్యకు తగినవి కాకపోవచ్చు. అందువల్ల ప్రతి అమరిక వెనుక ఉన్న తర్కాన్ని విడివిడిగా పరిశీలించడం అవసరం.

2. ఉదాహరణ నేపథ్యం

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీచేస్తారు. 1986 ఆగస్టు వరదలో అక్కడి మట్టం 75.6 అడుగులకు, 2022 జూలై వరదలో 71.3 అడుగులకు చేరింది. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ఇదే పద్ధతిలో ప్రవాహ పరిమాణాన్ని బట్టి 10, 13, 17 లక్షల క్యూసెక్కుల వద్ద మూడు హెచ్చరికలు వెలువడతాయి. ఈ అంకెలను బట్టే ముంపు గ్రామాల ప్రజలు ఇల్లు వదలాలో, ఆగాలో నిర్ణయించుకుంటారు.

గంటకొకసారి నీటిమట్టం, వర్షపాతం, కంట్రోల్ రూముకు వచ్చిన ఫోన్ పిలుపుల సంఖ్య చేరే ఒక నమూనా డ్యాష్‌బోర్డును ఈ వ్యాసం ఊహిస్తుంది. పైన పేర్కొన్న హెచ్చరిక మట్టాలు వాస్తవాలు; ఇకమీద వచ్చే గంటవారీ లెక్కలు వివరణ కోసం కల్పించుకున్నవి.

3. ప్రశ్నను బట్టి చార్టు

నీటిమట్టం 42 అడుగులు అని తెరమీద కనిపించిందనుకుంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు. ఆరు గంటల కిందట 39 అడుగులు ఉండి ఉంటే మొదటి హెచ్చరిక ముంగిట్లో ఉన్నట్టు. అదే ఆరు గంటల కిందట 45 అడుగులు ఉండి ఉంటే వరద తీస్తున్నట్టు. ముల్లు తిరిగే గుండ్రని మీటరు విడ్జెట్ ఈ రెండు సందర్భాలలోనూ ఒకే స్థానాన్ని చూపుతుంది. కాలాన్ని అడ్డంగా, మట్టాన్ని నిలువుగా ఉంచిన గీతల చార్టు మాత్రమే వాటిని వేరుచేయగలదు.

‘ఇప్పుడు ఎంత?’ అనే ప్రశ్నకు పెద్ద అక్షరాలలో ఒక అంకె చాలు. ‘ఎటు పోతున్నది?’ అనే ప్రశ్నకు గీత కావాలి. ‘ఏ గంటలో ఎన్ని?’ అనే ప్రశ్నకు స్తంభాలు తగినవి. ‘ఏ కేంద్రం ఎంతసేపు హెచ్చరికలో ఉంది?’ అనే ప్రశ్నకు రంగుపట్టీల కాలరేఖ సరిపోతుంది. ఒకే కొలబద్ద మీది స్థానాలను మనుషులు కోణాలకంటె ఎక్కువ కచ్చితంగా పోల్చగలరని క్లీవ్‌లండ్, మెక్‌గిల్ 1984లో ప్రకటించిన ప్రయోగాలు నిరూపించాయి. వృత్తాకార చార్టులను పోలికకు వాడకపోవడానికి ఆధారం ఇదే.

4. కాలఖండం – క్రోడీకరణ

వచ్చిన ప్రతి విలువనూ చార్టు యథాతథంగా చూపదు. కాలాన్ని సమానమైన ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండంలోని విలువలన్నిటికీ కలిపి ఒకే అంకెను నిర్ణయిస్తుంది. ఆ అంకె సగటా, గరిష్ఠమా, మొత్తమా, చివరి విలువా అన్నదే క్రోడీకరణ. చాలా సాధనాలలో ముందుగా ఉండే ఎంపిక సగటు.

ఒక అర్ధరాత్రి 38 అడుగులున్న మట్టం ఒకే వేగంతో పెరిగి మరుసటి అర్ధరాత్రికి 50 అడుగులకు చేరిందనుకుంటే, ఉదయం 10 గంటలకు మొదటి హెచ్చరికను, రాత్రి 8 గంటలకు రెండవదానిని నది దాటింది. ఆ రోజు సగటు మాత్రం 44 అడుగులు. కాలఖండం ఒక రోజుగా, క్రోడీకరణ సగటుగా ఉన్న చార్టులో రెండవ హెచ్చరిక జరగనే లేదు. లెక్కలో పొరపాటు లేదు. అడిగిన ప్రశ్నలోనే పొరపాటు ఉంది.

కాబట్టి క్రోడీకరణ రాశి స్వభావాన్ని బట్టి మారాలి. నీటిమట్టానికి గరిష్ఠం లేదా చివరి విలువ, వర్షపాతానికి మొత్తం, ఫోన్ పిలుపులకు సంఖ్య తగినవి. సర్వర్ పర్యవేక్షణలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 99 అభ్యర్థనలకు 100 మిల్లీసెకండ్లలో జవాబు వచ్చి, ఒకదానికి 10 సెకండ్లు పడితే సగటు 199 మిల్లీసెకండ్లు మాత్రమే. పది సెకండ్లు వేచి ఉన్న మనిషి ఆ సగటులో కనిపించడు.

చివరి స్తంభాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. 10 గంటల 10 నిమిషాలకు చూసేవారికి 10–11 గంటల ఖండంలో పది నిమిషాల పిలుపులే ఉంటాయి. అందువల్ల పిలుపులు హఠాత్తుగా తగ్గినట్టు స్తంభం పొట్టిగా కనిపిస్తుంది. పూర్తికాని ఖండాన్ని చార్టు నుంచి తొలగించడమో, లేతరంగులో చూపడమో చేయాలి.

5. మూడు గడియారాలు

డేటాబేసులు కాలాన్ని సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో భద్రపరుస్తాయి. భారతీయ సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. కాలమండలాన్ని సరిచేయని రోజువారీ చార్టులో రోజు ఉదయం 5 గంటల 30 నిమిషాలకు మొదలవుతుంది. భారత వాతావరణ శాఖ వర్షపాత దినం ఉదయం 8 గంటల 30 నిమిషాల నుంచి మరునాడు అదే సమయం వరకు. సామాన్యుని రోజు అర్ధరాత్రి మారుతుంది. ఉదయం 6–8 గంటల మధ్య కురిసిన వాన వాతావరణ శాఖ లెక్కలో ముగియబోతున్న దినానికి చెందుతుంది. సరిచేయని చార్టులో మాత్రం అప్పుడే మొదలైన దినానికి చేరుతుంది. అధికారిక లెక్కకూ తెరమీది లెక్కకూ పొంతన కుదరకపోవడానికి ఇటువంటి కారణమే ఉండవచ్చు.

సంఘటన జరిగిన సమయం, సమాచారం చేరిన సమయం కూడా వేర్వేరు. తెల్లవారుజామున 3, 4, 5 గంటల కొలతలు నెట్‌వర్క్ లోపం వల్ల ఆగిపోయి 6 గంటలకు ఒక్కసారిగా చేరాయనుకుంటే, చేరిన సమయాన్ని ఆధారం చేసుకున్న చార్టులో మట్టం మూడు గంటలపాటు కదలక, ఆపై నిట్టనిలువుగా లేస్తుంది. ఎగువన గేట్లు ఎత్తారేమోనన్న అనుమానానికి అది తావిస్తుంది. అడ్డ అక్షానికి ఎల్లప్పుడూ సంఘటన సమయాన్నే ఇవ్వాలి.

6. సమాచారం లేకపోవడం

కొలత రానప్పుడు విడ్జెట్‌కు మూడు మార్గాలు ఉన్నాయి: సున్నాగా చూపడం, ముందు వెనుక విలువలను గీతతో కలపడం, ఖాళీ వదలడం. సున్నా నదిని ఎండగడుతుంది. కలిపిన గీత కొలవని గంటలకు కూడా కొలిచిన రూపం ఇస్తుంది. నీటిమట్టం విషయంలో ఖాళీ వదలడమే నిజాయితీ. ఫోన్ పిలుపుల విషయంలో మాత్రం ఆ గంటలో ఎవరూ పిలవకపోతే సున్నాయే సరైన విలువ. అయితే ఫోన్ లైను పనిచేస్తున్నదని వేరుగా నిర్ధారించుకోవాలి.

భారీ వరదలో కొలిచే పరికరమే మునిగిపోవచ్చు. అంటే సమాచారం అత్యవసరమైన వేళకే అది ఆగిపోయే అవకాశం ఎక్కువ. అందుచేత ‘చివరి కొలత వచ్చి ఎంతసేపయింది’ అని చూపే విడ్జెట్ ప్రతి డ్యాష్‌బోర్డులోనూ ఉండాలి. గంటకొకసారి కొలత వచ్చే చోట తెరను ఐదు సెకండ్లకొకసారి తాజాపరచడం వల్ల కొత్త సమాచారమేమీ రాదు. పాత అంకెకు తాజాదనం భ్రమ మాత్రం కలుగుతుంది.

7. నిలువు అక్షం – హెచ్చరిక గీతలు

అక్షం పరిధిని సాధనానికే వదిలేస్తే మట్టం 20.0 నుంచి 20.4 అడుగులకు మారిన రోజున కూడా గీత తెర అడుగు నుంచి పైఅంచు వరకు పాకుతుంది. పరిధిని 80 అడుగుల వరకు స్థిరపరిస్తే 1986 నాటి మట్టానికి కూడా చోటు ఉంటుంది. 43, 48, 53 గీతలు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి. అడుగులను, క్యూసెక్కులను ఒకే చార్టులో రెండు అక్షాలమీద గీస్తే రెండు గీతలు ఖండించుకున్న చోటు ఏదో అర్థమున్నట్టు తోస్తుంది. అది కొలబద్దల ఎంపిక వల్ల కలిగిన యాదృచ్ఛికత మాత్రమే. భద్రాచలానికి, ధవళేశ్వరానికి ఒకదాని కింద ఒకటిగా రెండు విడ్జెట్లు ఉంచడం మేలు.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించలేనివారు ఉంటారు కనుక రంగుతోపాటు ‘రెండవ హెచ్చరిక’ అనే మాట కూడా తెరమీద ఉండాలి. మట్టం 42.9, 43.1 అడుగుల మధ్య ఊగిసలాడితే హెచ్చరిక పదేపదే వచ్చిపోతుంది. నాలుగోసారికి దానిని ఎవరూ పట్టించుకోరు. దీనికి పరిష్కారంగా హెచ్చరికను ఆలస్యం చేయకూడదు. 43 తాకగానే వెలిగించి, కొంత దిగువకు తగ్గి అక్కడే నిలిచిన తరువాతనే ఆర్పే విధంగా అమర్చాలి. ముందుగా హెచ్చరించడం వల్ల కలిగే అసౌకర్యం, ఆలస్యం వల్ల కలిగే నష్టం సమానమైనవి కావు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. విడ్జెట్‌ను ఎంచుకునే ముందు, చూసేవారు దానిని బట్టి ఏ నిర్ణయం తీసుకుంటారో రాసుకోవాలి.
2. సగటును కాక, రాశి స్వభావానికి తగిన క్రోడీకరణను ఎంచుకోవాలి.
3. కాలమండలం, దినారంభం, సంఘటన సమయం అనే మూడింటినీ వేర్వేరుగా సరిచూడాలి.
4. సమాచారం లేకపోవడాన్ని కూడా ఒక సంఘటనగానే చూపాలి.
5. గతంలోని ఒక వరద కొలతలను డ్యాష్‌బోర్డుకు తిరిగి పంపి, హెచ్చరికలు సరైన గంటకు వెలుగుతున్నాయో లేదో వర్షాకాలానికి ముందే పరీక్షించాలి.

పరిశోధకులు తమ సర్వేల, ప్రయోగాల చార్టులను ప్రచురించేటప్పుడు కూడా కాలఖండాన్ని, క్రోడీకరణను, ఖాళీలను ఎలా పరిగణించారో చార్టు కిందనే పేర్కొనడం అవసరం. చార్టు చూసేవారికి గీత మాత్రమే కనిపిస్తుంది. ఆ గీత వెనుక తీసుకున్న నిర్ణయాలు చెప్పనిదే తెలియవు.