పరుగు లెక్క తప్పినప్పుడు

1980 ఏప్రిల్ 21న అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ జరిగింది. మహిళల్లో అందరికంటే ముందు చివరి గీత దాటిన రోసీ రూయిజ్ ఎవరో అక్కడున్న పరుగు నిపుణులెవరికీ తెలియదు. ఆమెకు పట్టిన సమయం 2 గంటల 31 నిమిషాల 56 సెకన్లు. అంతవరకు ప్రపంచంలో మహిళలు పరుగెత్తిన మారథాన్లన్నిటిలో అది మూడో అత్యుత్తమ సమయం. తలకు ఆకుల కిరీటం పెట్టారు, మెడలో పతకం వేశారు.

అనుమానం అక్కడికక్కడే మొదలైంది. ఆ రోజు పురుషుల్లో గెలిచిన బిల్ రాడ్జర్స్ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు. 42 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మనిషికి ఉండాల్సిన అలసటా, చెమటా ఆమెలో అంతగా కనబడలేదు. టీవీ కోసం ఆమెతో మాట్లాడిన క్యాథరిన్ స్విట్జర్, సాధనలో ఇంటర్వెల్స్ ఎక్కువ చేస్తారా అని అడిగింది. (1967లో ఇదే బోస్టన్‌లో నంబరు కట్టుకుని పరుగెత్తిన మొదటి మహిళ ఈ స్విట్జరే. ఆమె కథ వేరే వ్యాసానికి సరిపోతుంది.) ఇంటర్వెల్ అంటే సినిమా విరామం కాదు. కొంత దూరం వేగంగా పరుగెత్తి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లీ వేగంగా పరుగెత్తే సాధన. పెద్ద పందేలకు సిద్ధమయ్యేవాళ్లకు రోజువారీ మాట అది. రోసీకి అదేమిటో తెలియలేదు.

అయితే ఇంటర్వెల్ అంటే తెలియకపోవడం నేరం కాదు. చెమట తక్కువ పట్టడమూ నేరం కాదు. నిర్వాహకులు తొందరపడి ఆమె పేరు కొట్టేయలేదు, విచారణ మొదలుపెట్టారు. దారిలో పలుచోట్ల ముందు వరుస మహిళల్ని గమనిస్తూ నిలబడినవాళ్లెవరూ ఆమెను చూడలేదు. ఫొటోల్లోనూ ఆమె లేదు. చివరి మైలులో జనం మధ్యలోంచి ఆమె రోడ్డు మీదికి రావడం చూశామని ఇద్దరు విద్యార్థులు చెప్పారు. ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. బోస్టన్‌లో పాల్గొనే అర్హత ఆమెకు 1979 న్యూయార్క్ మారథాన్ వల్ల వచ్చింది. ఆ పందెం జరుగుతున్న సమయంలో ఆమెను భూగర్భ రైల్లో కలిశానని ఒక ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చి చెప్పింది. న్యూయార్క్ వాళ్లు ఆ ఫలితం రద్దు చేశారు. ఎనిమిదో రోజున బోస్టన్ వాళ్లూ రద్దు చేశారు.

ఇందులో నాకు విచిత్రంగా తోచేది ఆ తర్వాత ఒక పరిచయస్థుడు చెప్పిన మాట. మొదటి మహిళలు అప్పటికే వెళ్లిపోయి ఉంటారని రోసీ అనుకుందట. గుంపులో ఎక్కడో మధ్యలో కలిసిపోదామని దిగితే, పొరపాటున అందరికంటే ముందు వచ్చింది. ఆమె మాత్రం 2019లో చనిపోయేదాకా తాను మోసం చేశానని బహిరంగంగా ఒప్పుకోలేదు.

అసలు మొదట వచ్చింది కెనడాకు చెందిన జాక్లిన్ గరో. 2 గంటల 34 నిమిషాల 28 సెకన్లు. ఆ దారిలో అంతవరకు ఏ మహిళా అంత త్వరగా పరుగెత్తలేదు. ఆమె గీత దాటేసరికి కిరీటం ఇంకొకరి తల మీద ఉంది. వారం తర్వాత ఆమెనే విజేతగా ప్రకటించారు. కానీ ఆ రోజు ఆ వీధిలో ఆమె కోసం మోగాల్సిన చప్పట్లను మర్నాడు ఎవరు మోగిస్తారు? మారథాన్‌లో మోసం వల్ల ఎవరికి నష్టం అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది గరో.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఫ్రెడ్ లోర్జ్ అనే అతను దాదాపు 9 మైళ్లు పరుగెత్తి, కండరాలు పట్టేసి, కారెక్కాడు. సుమారు 11 మైళ్ల తర్వాత కారు చెడిపోయింది. దిగి, మిగతా దూరం పరుగెత్తి స్టేడియంలోకి వస్తే జనం విజేత అనుకుని కేకలు పెట్టారు. బహుమతి ఇవ్వబోయేలోగా అసలు సంగతి తెలిసింది. తమాషాకి చేశానన్నాడు. నిషేధం పడింది, తర్వాత ఎత్తేశారు. మరుసటి ఏడాది బోస్టన్ మారథాన్‌ను అతను నిజంగానే పరుగెత్తి గెలిచాడు! కారు ఎక్కకపోయినా గెలవగల మనిషన్నమాట.

ఒలింపిక్స్ మాట సరే. పతకం రాదని, డబ్బు రాదని తెలిసి పరుగెత్తే మామూలు ఉద్యోగికి, గృహిణికి, పదవీ విరమణ చేసిన పెద్దాయనకు మోసం చేయాల్సిన అవసరం ఏముంది? చాలామంది ఇక్కడే తికమకపడతారు. మొదటి కారణం అర్హత. బోస్టన్‌లో చాలామందికి చోటు దొరికేది వయసును బట్టి నిర్ణయించిన సమయంలోపు అంతకుముందు ఒక మారథాన్ పూర్తి చేస్తేనే. 2026 పోటీకి 18 నుంచి 34 ఏళ్ల పురుషులకు ఆ గడువు 2 గంటల 55 నిమిషాలు. ఏళ్ల తరబడి సాధన చేసినా అది అందనివాళ్లు వేలల్లో ఉంటారు. ఆ చోట్లు లెక్కపెట్టి ఉంటాయి కనుక ఒకరు దొంగ సమయంతో లోపలికి వెళితే నిజంగా పరుగెత్తిన ఇంకొకరు బయట మిగిలిపోతారు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మీకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండో కారణం పతకం మీద మోజు. మెక్సికో సిటీ మారథాన్‌లో 2013 నుంచి 2018 వరకు ఏడాదికొక అక్షరం ఆకారంలో పతకం ఇచ్చారు. ఆరూ పోగేస్తే ఊరి పేరు పూర్తవుతుంది. ఐదు అక్షరాలున్నవాడికి ఆరోది లేకపోతే నిద్ర పడుతుందా? ఆ మారథాన్‌లో దారి తప్పించినవాళ్ల సంఖ్య కొన్నేళ్లు వేలల్లో ఉంది. 2023లో సుమారు 30,000 మంది పాల్గొంటే దాదాపు 11,000 మంది దారిలోని నమోదు కేంద్రాలన్నీ దాటలేదని ఫలితాల నుంచి తొలగించినట్టు పత్రికలు రాశాయి.

ఇప్పుడు ఈ నమోదు ఎలా జరుగుతుందో చూద్దాం. పరుగెత్తేవాళ్లు ఛాతీ మీద పిన్నులతో పెట్టుకునే నంబరు కాగితాన్ని బిబ్ అంటారు. దాని వెనక గాని, బూటుకు గాని ఒక చిన్న చిప్ ఉంటుంది. సాధారణంగా ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు. దారికి అడ్డంగా పరిచిన మ్యాట్ నుంచి రేడియో తరంగాలు వస్తాయి. చిప్ ఆ తరంగాల శక్తినే వాడుకుని తన నంబరు చెబుతుంది. కంప్యూటర్ ఆ క్షణాన్ని రాసుకుంటుంది. పెద్ద పందేల్లో ప్రతి 5 కిలోమీటర్లకో మ్యాట్ ఉంటుంది. హైదరాబాద్, ముంబయి పరుగుల్లోనూ చిప్‌తోనే సమయం కొలుస్తారు. రెండు మ్యాట్ల మధ్య పట్టిన సమయాన్ని విడి సమయం అందాం.

ఇక మిగిలింది ఆరో తరగతి లెక్క. ఒకాయన మొదటి 20 కిలోమీటర్లు 2 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేశాడనుకోండి. కిలోమీటరుకు 7 నిమిషాలు. 25, 30 కిలోమీటర్ల మ్యాట్ల దగ్గర ఆయన నమోదు లేదు. 35 దగ్గర 3 గంటల 5 నిమిషాలకు కనబడ్డాడు. అంటే 15 కిలోమీటర్లకు 45 నిమిషాలు, కిలోమీటరుకు 3 నిమిషాలు. 2023 అక్టోబరులో షికాగోలో 2 గంటల 35 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కెల్విన్ కిప్టమ్ వేగం కిలోమీటరుకు 2 నిమిషాల 51 సెకన్లు. మన పెద్దమనిషి మధ్యలో 15 కిలోమీటర్లు కిప్టమ్ పక్కనే పరుగెత్తి, మళ్లీ మామూలు మనిషయ్యాడని నమ్మాలి. లేదా ఆటో ఎక్కాడని అనుకోవాలి.

దారి తగ్గించడం ఒక పద్ధతి. 2018 నవంబరులో చైనాలోని షెన్‌జెన్ హాఫ్ మారథాన్‌లో 258 మంది దొరికారు. వాళ్లలో 237 మంది మలుపు దాకా వెళ్లకుండా అడ్డదారిన దూరినవాళ్లే. రోడ్డు మధ్యలోని చెట్ల సందుల్లోంచి ఒకరి వెనక ఒకరు దాటుతుంటే కెమెరాలకు చిక్కారు. 18 మంది దొంగ నంబర్లు పెట్టుకున్నారు. ముగ్గురు ఇంకొకరి పేరుతో పరుగెత్తారు.

ఆ ముగ్గురిది రెండో పద్ధతి. తరగతిలో ప్రాక్సీ హాజరు పలకడం లాంటిది. ఒకరి నంబరుతో వేగంగా పరుగెత్తే ఇంకొకరు వెళ్లి, మంచి సమయం తెచ్చిపెడతారు. దీన్ని పట్టుకోవడం కష్టం. చిప్ అన్ని మ్యాట్లూ దాటుతుంది, లెక్క ఎక్కడా తప్పదు, దొరికితే ఫొటోలోనే దొరకాలి. 1999లో దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ పరుగులో, దాదాపు 90 కిలోమీటర్ల పందెంలో, ఒకే పోలికలున్న ఇద్దరు అన్నదమ్ములు దారిలోని మరుగుదొడ్లలో బూట్లు, బట్టలు మార్చుకుంటూ వంతులవారీగా పరుగెత్తారు. తొమ్మిదో స్థానం వచ్చింది. తీరా ఫొటోలు చూస్తే ఒకదాంట్లో గడియారం ఎడమ చేతికి, ఇంకోదాంట్లో కుడి చేతికి ఉంది!

ఈ పద్ధతిలో నవ్వుకోలేని ప్రమాదమూ ఉంది. 2016 డిసెంబరులో చైనాలోని షియామెన్‌లో జరిగిన హాఫ్ మారథాన్‌లో ఇద్దరు కుప్పకూలి చనిపోయారు. వాళ్లలో ఒకరి ఛాతీ మీదున్నది వేరే వ్యక్తి నంబరు. ఆ నంబరును బట్టి వైద్యులకు తెలిసే పేరు, వయసు, ఇంటివాళ్ల ఫోను అన్నీ వేరొకరివి. స్నేహితుడికి జ్వరమొచ్చింది, నంబరు వృథా ఎందుకని వాడుకునేవాళ్లలో చాలామందికి మోసం చేసే ఉద్దేశమే ఉండదు. అయినా నిర్వాహకులు దాన్ని ఎందుకు ఒప్పుకోరో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతవరకు చదివి, మనమూ ఫలితాల పట్టికలు తిరగేసి దొంగల్ని పట్టేద్దామని మీలో కొందరికి ఉత్సాహం కలగవచ్చు. నిజంగానే అలాంటి ఔత్సాహిక పరిశోధకులు ఉన్నారు. ఇంట్లో కూర్చుని విడి సమయాలు, దారి ఫొటోలు పోల్చి చూసి, నిర్వాహకుల కంట పడని ఎన్నో మోసాలు బయటపెట్టారు. ఆ పని వల్ల మేలు జరిగింది, కాదనను. కానీ ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

2019 మార్చిలో లాస్ ఏంజెలెస్ మారథాన్‌ను 70 ఏళ్ల విశ్రాంత వైద్యుడొకరు 2 గంటల 53 నిమిషాల్లో పూర్తి చేశారు. ఆ వయసుకు అపురూపమైన సమయం. అంతకుముందు వేరే పందెంలోనూ ఆయన ఫలితం రద్దయి ఉండటంతో అనుమానాలు లేచాయి. చర్చ ఇంటర్నెట్ నిండా పాకింది, వార్తాపత్రికలకెక్కింది. దారి పక్కన కాలకృత్యాలకు ఆగానే తప్ప దారి తగ్గించలేదని ఆయన అన్నారు. ఆయన ఒకచోట దారి వదిలి ఇంకోచోట కలిసినట్టు వీడియోలో ఉందని నిర్వాహకులు తేల్చి, జూన్ నెలాఖరున ఫలితం రద్దు చేశారు. కొద్ది రోజులకే, జులై మొదట్లో, ఆయన చనిపోయారు. ఆత్మహత్య అని అధికారులు నిర్ధారించారు. మోసం చేయలేదనే ఆయన చివరిదాకా చెప్పారు.

ఈ రెండు విచారణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బోస్టన్‌లో అనుమానం ఉన్నవాళ్లు నిర్వాహకుల దగ్గరికి వెళ్లారు. పత్రికలు అప్పుడూ రాశాయి, హాస్యాలు అప్పుడూ పుట్టాయి. అయినా ముక్కూ మొహం తెలియని లక్షల మంది నేరుగా ఒక మనిషి ఇంట్లోకి, చేతిలోని ఫోనులోకి వచ్చి దొంగ అనే వీలు 1980లో లేదు. ఫలితం రద్దు చేయడం ఒక శిక్ష. వారాల తరబడి రోజూ పరువు తీయడం ఇంకో శిక్ష. రెండో దాన్ని ఏ నియమావళీ విధించలేదు. తప్పు చేసినా సరే, ఒక పరుగుపందేనికి అంత శిక్ష ఉండదని నా అభిప్రాయం.

పైగా నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఈ లెక్కల్లో పనిచేయదు. చిప్ మడతపడితే మ్యాట్‌కు వినబడకపోవచ్చు. వందల మంది ఒక్కసారిగా దాటితే ఒకటి రెండు నమోదులు జారిపోవచ్చు. మ్యాటే కాసేపు పనిచేయకపోవచ్చు. మొదటి సగం స్నేహితురాలికి తోడుగా మెల్లగా పరుగెత్తి, రెండో సగం సొంత వేగంతో వెళ్లేవాళ్లు ఉంటారు. పట్టికలో వాళ్ల అంకెలు అచ్చం దొంగ అంకెల్లాగే కనిపిస్తాయి. అందుకే బాధ్యత తెలిసిన నిర్వాహకులు ఒక్క ఖాళీ గడి చూసి ఎవరినీ తీసేయరు. ఫొటోలు వెతుకుతారు, పక్కన పరుగెత్తినవాళ్ల సమయాలు చూస్తారు, చేతి గడియారంలో దారి నమోదై ఉంటే పంపమని ఆ మనిషినే అడుగుతారు.

ఉద్యోగరీత్యా నేను తరచూ ఊళ్లు మారుతుంటాను. భాష మారినా, తిండి మారినా, ఆదివారం తెల్లవారుజామున నంబర్లు పెట్టుకుని రోడ్డెక్కే జనం ఈమధ్య ప్రతి ఊళ్లోనూ కనబడుతున్నారు. మీ ఊళ్లోనూ ఏదో ఒక పరుగు జరుగుతూనే ఉంటుంది. చాలావాటి ఫలితాలు విడి సమయాలతో సహా ఇంటర్నెట్‌లో పెడతారు. పేర్లు పక్కన పెట్టి, ఓ పదిమంది అంకెలు మాత్రం తీసుకుని, అడ్డంగా దూరం, నిలువుగా సమయం వేసి గ్రాఫ్ గీయండి. సమవేగంతో వెళ్లినవాళ్ల గీత వంపు లేకుండా తిన్నగా సాగుతుంది. చాలామంది గీత 30 కిలోమీటర్ల తర్వాత పైకి వంగుతుంది, ఎందుకో మీ పీఈటీ సారుని అడిగితే చెబుతారు. ఎక్కడైనా ఒక చుక్క లేకపోతే, అదే చోట మిగతా తొమ్మిది మందికీ చుక్క ఉందో లేదో ముందు చూడండి.